బిల్లు రాశారు సరే, డబ్బు వచ్చిందా?

చిన్న కంపెనీ అమ్మకాలు 20 శాతం పెరిగాయని చదవగానే, ఆ ఉత్సాహంలోనే బ్యాలెన్స్ షీట్ తెరిచి ట్రేడ్ రిసీవబుల్స్, అంటే ఖాతాదారుల నుంచి ఇంకా రావాల్సిన బకాయిలు చూడాలి. సరుకు అప్పగించి బిల్లు రాస్తే అమ్మకం, లాభం అప్పుడే లెక్కకెక్కుతాయి. డబ్బు మాత్రం కొన్నవాడు కట్టినప్పుడే వస్తుంది. చిన్న కంపెనీకి ఖాతాదారులు కొద్దిమందే కాబట్టి, వాళ్లలో ఇద్దరు ఆలస్యం చేసినా జీతాలకు అప్పు తేవాల్సి రావచ్చు.

అందరూ ముందు కట్టే లెక్క డీఎస్ఓ (డేస్ సేల్స్ ఔట్‌స్టాండింగ్), అంటే అమ్మిన డబ్బు సగటున ఎన్ని రోజులకు వస్తోందన్నది: బకాయిలను ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణించడం. అమ్మకాలు 100 నుంచి 120కి, బకాయిలు 20 నుంచి 36కి పెరిగాయనుకోండి. 73 రోజులు కాస్తా 109 దాటాయి. కంగారుపడేముందు చివరి క్వార్టర్ అమ్మకాలు చూడండి. అవి నిరుడు 27, ఈసారి 45 అయితే, వాటితో భాగించి 90తో గుణిస్తే 67 నుంచి 72 రోజులే అయింది. వసూళ్లు మరీ చెడలేదన్నమాట. కానీ అసలు ప్రశ్న ఇప్పుడు మొదలవుతుంది: నిరుడు 27 శాతం అమ్మకాలు జరిగిన క్వార్టర్లో ఈసారి 37 శాతానికి పైగా ఎలా జరిగాయి? సీజన్ వ్యాపారమైతే ఏటా అలాగే ఉండాలి. లేదంటే టార్గెట్ కోసం డీలర్ల గోడౌన్లలోకి సరుకు తోసి ఉండొచ్చు. అలాంటి సరుకు తర్వాతి క్వార్టర్లలో సేల్స్ రిటర్న్స్‌గానో, అదనపు డిస్కౌంట్లుగానో తిరిగొస్తుంది.

(ఇంకో చిన్న మెలిక: బకాయిల్లో అమ్మకపు పన్ను కలిసి ఉంటుంది, అమ్మకాల్లో సాధారణంగా ఉండదు. పన్ను 18 శాతమైతే ఆ 72 రోజులు నిజానికి 61. పన్ను పడని ఎగుమతులు చేసే కంపెనీతో దీన్ని పక్కపక్కన పెట్టి పోలిస్తే తప్పుదారి పడతాం.)

నా లెక్కలో డీఎస్ఓ కన్నా విలువైంది లెక్కల నోట్స్‌లో ఉండే ఏజింగ్ పట్టిక, అంటే ఏ బకాయి ఎంత పాతదో చూపే పట్టిక. పై 36లో గడువు తీరనివి 18, ఆరు నెలల్లోపువి 8, ఆరు నెలల నుంచి ఏడాదివి 5, ఏడాది దాటినవి 5 అనుకుందాం. మొత్తానికి ప్రొవిజన్ (రాకపోవచ్చని లాభంలోంచి ముందే తీసి ఉంచిన మొత్తం) 1.2 మాత్రమే ఉంది. ఏడాది దాటిన 5 రాదనుకుంటే ఇంకా 3.8 లాభంలోంచి పోవాలి. పన్నుకు ముందు లాభం 8 అయితే దాదాపు సగం ఎగిరిపోయినట్టే. పట్టిక చదివేటప్పుడు రోజులు బిల్లు తేదీ నుంచి లెక్కించారా, గడువు తేదీ నుంచా అన్నది తప్పక చూడండి. 90 రోజుల అరువిచ్చే కంపెనీలో ‘గడువు దాటి ఆరు నెలలు’ అంటే బిల్లు రాసి తొమ్మిది నెలలు.

ప్రొవిజన్ కదలికను కూడా కట్టి చూసుకోవాలి: ప్రారంభ నిల్వ, ఏడాదిలో చేర్చింది, రైట్ ఆఫ్ చేసింది (ఇక రాదని కొట్టేసింది), తిరిగి లాభంలోకి రాసుకుంది, ముగింపు నిల్వ. బకాయిలు పెరుగుతుంటే ప్రొవిజన్ 2 నుంచి 1.2కి తగ్గిందీ, రైట్ ఆఫ్ ఏమీ లేదూ అంటే ఆ 0.8 లాభంలోకి చేరిందని అర్థం. అది వ్యాపారంలో సంపాదించింది కాదు.

ఆరు నెలలు ఆగితే మరో మంచి పరీక్ష దొరుకుతుంది. అర్ధ సంవత్సరం బ్యాలెన్స్ షీట్‌తో ఏజింగ్ కూడా ఇస్తే, అందులో ఆరు నెలలు దాటిన మొత్తం చూడండి. అది 14 అయితే, ఏడాది చివరి 36లో కనీసం 14 ఇంకా వసూలు కాలేదు. కొత్త అమ్మకాలు ఎంత పెరిగినా ఈ అంకెను కప్పలేవు.

బకాయిలు తగ్గాయంటే వసూలైనట్టేనని అనుకోకండి. బిల్లులు బ్యాంకుకు డిస్కౌంట్ చేసి ముందే డబ్బు తీసుకున్నా, బకాయిలు కొనే ఫ్యాక్టరింగ్ సంస్థకు అమ్మినా అవి జాబితాలోంచి పోవచ్చు. ఖాతాదారు కట్టకపోతే కంపెనీయే కట్టాలన్న షరతు ఉందేమో కంటింజెంట్ లయబిలిటీస్‌లో (ముందు ముందు మీద పడే అవకాశమున్న బాధ్యతల జాబితాలో) వెతకాలి. ‘అన్‌బిల్డ్ రెవెన్యూ’ (ఇంకా బిల్లు రాయని ఆదాయం), రిటెన్షన్ మనీ (పని పూర్తయ్యాక ఇస్తామని ఖాతాదారు ఆపి ఉంచిన మొత్తం), నాన్ కరెంట్ ఆస్తుల్లోకి జరిపిన పాత బకాయిలు, ఖాతాదారుకు ‘లోన్’గా మార్చిన బాకీ, ఇవన్నీ తీసుకొచ్చి మళ్లీ రిసీవబుల్స్‌లో కలిపి లెక్క కట్టండి. అమెరికాలో గృహోపకరణాల కంపెనీ సన్‌బీమ్ వ్యవహారంలో రెండు పోకడలూ కనిపిస్తాయి: 1997లో గ్రిల్స్‌ను సీజన్‌కు ముందే డీలర్లకు బిల్లు చేసి తన దగ్గరే ఉంచుకుంది, ఏడాది చివర్లో రిసీవబుల్స్ అమ్మి నగదు చూపింది. 1998లో లెక్కలు తిరగరాయాల్సి వచ్చింది.

అన్ని హెచ్చరికలూ నిజం కావు. ఏడాది చివరి నెలలో మరో కంపెనీని కొంటే, దాని బకాయిలు పూర్తిగా చేరతాయి, అమ్మకాలు ఒక్క నెలవే చేరతాయి. డీఎస్ఓ ఊరికే ఉబ్బుతుంది.

పెద్ద ఖాతాదారు లిస్టెడ్ కంపెనీ అయితే దాని వార్షిక నివేదికలో సరఫరాదారులకు సగటున ఎన్ని రోజులకు చెల్లిస్తోందో చూడండి. అది 60 రోజులకు కడుతుంటే, మనం చూస్తున్న కంపెనీకి మాత్రం అదే ఖాతాదారు నుంచి డబ్బు 150 రోజులకు వస్తుంటే, సరుకు నాణ్యత మీద వివాదమో, బిల్లు అంగీకారం పెండింగో ఉండొచ్చు. రిలేటెడ్ పార్టీ నోట్‌లో (కంపెనీతో సంబంధమున్నవారితో లావాదేవీల వివరాల్లో) ప్రమోటర్ల సంస్థల నుంచి రావాల్సినది ఎంతో కూడా పక్కనే రాసుకోండి. యాజమాన్యాన్ని అడిగే వీలుంటే అడగాల్సింది ఒకటే: ఏడాది చివరి బకాయిలో ఈ రోజుకు ఎంత వసూలైంది? ‘మా ఖాతాదారులంతా మంచి సంస్థలే’ అన్న జవాబు వస్తే, అంకె చెప్పమని మళ్లీ అడగండి.