అనంతపురం మిద్దె మీద ఉర్లగడ్డ: విత్తనం నుంచి తవ్వకం దాకా

ఉర్లగడ్డకి, అంటే బంగాళదుంపకి, అన్నిటికంటే ముందు కావలసింది చల్లటి రాత్రి. ఎరువూ నీళ్ళూ దాని తర్వాతే. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల లోపు ఉంటేనే మొక్క ఆకులో తయారైన తిండిని కిందికి దించి గడ్డ కడుతుంది. అంతకంటే వెచ్చగా ఉంటే పైన పచ్చగా, ఏపుగా పెరుగుతుంది గానీ కింద ఏమీ ఉండదు. అనంతపురంలో అలాంటి రాత్రులు నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి మొదలు దాకా దొరుకుతాయి, అంతే. కాబట్టి ఈ సీజన్ పనులన్నీ ఆ కాస్త చలికాలాన్ని బట్టే పెట్టుకున్నాను.

అక్టోబరు

విత్తన గడ్డలు కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం వైపు ఆలు పండించే తెలిసిన రైతు దగ్గర తెచ్చుకున్నాను. రకం కుఫ్రి జ్యోతి. సిమ్లాలో ఉన్న కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ వాళ్ళు 1968లో ఇచ్చిన రకం ఇది. సిమ్లా దగ్గరి కుఫ్రి అనే ఊరి పేరునే తమ రకాలన్నిటికీ ముందు పెడతారు. కర్ణాటక రైతులు నాటే విత్తనం చాలా వరకు పంజాబ్‌లోని జలంధర్ నుంచి వస్తుంది. అక్కడ చలికాలంలో కొన్ని వారాల పాటు పేనుబంక దాదాపు ఉండదు. వైరస్‌ని మొక్క నుంచి మొక్కకి మోసేది ఆ పురుగే గనక, అది లేని రోజుల్లో పెంచిన గడ్డే మంచి విత్తనం.

పోల్చి చూద్దామని రెండు సంచుల్లో నాటడానికి మార్కెట్లో కొన్న గడ్డలు కూడా పెట్టుకున్నాను. బజారు గడ్డలకి ఒక్కోసారి మొలక రాకుండా మందు కొట్టి ఉంటారు, కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్ళున్నాయో కూడా తెలియదు. మొలకొచ్చినవే ఏరుకోవాలి.

మొలక తెప్పించడానికి టమోటా ట్రేలో కళ్ళు పైకి ఉండేట్టు పేర్చి, ఎండ పడకుండా వెలుతురు వచ్చే వరండాలో పెట్టాను. చీకట్లో పెడితే తెల్లగా, పొడుగ్గా, ముట్టుకుంటే విరిగే మొలకలొస్తాయి. వెలుతురులో అయితే పొట్టిగా, లావుగా, కొద్దిగా ఊదా రంగులో వస్తాయి. మనకి కావలసింది అవే. పెద్ద గడ్డని కోసి నాటడం చల్లటి ప్రాంతాల్లో బాగానే నడుస్తుంది. మన వేడి మట్టిలో కోసిన ముక్క కుళ్ళిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే 40, 50 గ్రాముల చిన్న గడ్డల్ని కోయకుండా నాటాను.

నవంబరు

మట్టి కలిపిన లెక్క: ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, సంచికి రెండు గుప్పెళ్ళ వేపపిండి. పచ్చి పేడ వద్దు, బూడిద అసలే వద్దు. బూడిద మట్టిని క్షారం వైపు లాగుతుంది. మన బోరు నీళ్ళతో మట్టి ఇప్పటికే అటు వైపే ఉంటుంది, అలాంటి మట్టిలో గడ్డ తొక్క మీద గరుకు మచ్చలు లేస్తాయి. నేను తడపడానికి కూడా బోరు నీళ్ళు కాకుండా మున్సిపల్ కొళాయి నీళ్ళే పట్టి పెట్టుకుంటున్నాను.

సంచుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మిద్దె మీద మధ్యాహ్నం ఎండ నల్ల గ్రో బ్యాగు పక్కన పడితే లోపల మట్టి ఉడుకుతుంది. నేను తెల్లటి ప్లాస్టిక్ బియ్యం సంచులు వాడాను. పైభాగం మడిచి, అడుగున నీళ్ళు పోవడానికి చిల్లులు పెట్టి, పిట్టగోడకి తూర్పు వైపున వరసగా పెట్టాను. దాంతో సాయంత్రం ఎండ వాటికి తగలదు. మొదట సంచి సగం దాకానే మట్టి నింపి, ఒక్కో దాంట్లో రెండేసి గడ్డలు జానెడు ఎడంగా పెట్టి, పైన నాలుగు వేళ్ళ మందం మట్టి కప్పాను. మొక్క జానెడు ఎత్తు రాగానే మళ్ళీ మట్టి పోసి సగం కాండం కప్పెయ్యాలి. సంచిని పైదాకా నింపుకుంటూ పోతే అంతస్తులు అంతస్తులుగా గడ్డలొస్తాయని వీడియోల్లో చెప్తుంటారు. అది నమ్మకండి. మనకి దొరికే రకాల్లో గడ్డలు విత్తనానికి దగ్గరలోనే పడతాయి. మట్టి ఎగదోసేది వాటికి వెలుగు తగలకుండా, వేడెక్కకుండా. వెలుగు తగిలిన గడ్డ పచ్చబడుతుంది, అందులో సొలనిన్ అనే విషం పెరుగుతుంది. అది వండినా పోదు.

మట్టి పైన మిల్లు నుంచి తెచ్చిన శనక్కాయ పొట్టు రెండంగుళాలు పరిచాను. తడి నిలబెట్టడానికి మన జిల్లాలో ఇంతకంటే చవకైనది లేదు.

కింది ఇంట్లో ఉండే పెద్దాయన జీవితమంతా శనక్కాయ సేద్యం చేసినాయన. పైకొచ్చి చూసి, "ఏమప్పా, ఉర్లగడ్డ ఈడ యాడ పెరుగుతాది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

డిసెంబరు

ఈ మొక్క పుట్టిల్లు ఆండీస్ కొండలు. పెరూ, బొలీవియా మధ్య దాదాపు 3,800 మీటర్ల ఎత్తులో ఉన్న టిటికాకా సరస్సు ప్రాంతంలో 7,000 ఏళ్ళకి పైగా సాగులో ఉంది. అక్కడ రాత్రులు చల్లన, పగలు ఏడాది పొడుగునా ఇంచుమించు 12 గంటలే. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్ళు దీన్ని యూరప్‌కి తీసుకెళ్తే, అక్కడి పొడవాటి వేసవి పగళ్ళలో మొదటి రకాలు ఆకు పెంచుకుంటూ పోయి, పగలు తగ్గాక ఎప్పటికో గడ్డ పెట్టేవి. పొడుగు పగళ్ళకి అలవాటు పడ్డ రకాలు వచ్చాకే అక్కడ నిలదొక్కుకుంది. మన డిసెంబరులో పగలు 11 గంటల పైచిలుకు, రాత్రి 17 డిగ్రీల దగ్గర. పుట్టింటి పద్ధతికి ఇది అంత దూరమేమీ కాదు. పెద్దాయనకి చెప్పిన జవాబు కూడా ఇదే.

ఒక సంచి అంచున చేత్తో మట్టి తీసి చూశాను. కాండం అడుగు నుంచి తెల్లటి తీగలు అడ్డంగా పాకి ఉన్నాయి. ఇవి వేర్లు కావు, భూమిలో పాకే కొమ్మలు. ప్రతి తీగ కొస కొక్కెంలా వంగి ఉంది. ఒకటి రెండు కొసలు మిరియపు గింజంత ఉబ్బి, మీద పల్చటి పొర మెరుస్తోంది. అదే గడ్డ మొదలు. మళ్ళీ జాగ్రత్తగా కప్పేశాను. ఈ దశలో నీళ్ళు తప్పితే గడ్డల సంఖ్య తగ్గుతుంది, కాబట్టి వేలు రెండు కణుపులు దించి చూసి, పొడిగా తగిలిన రోజున తడిపాను. ఒకేసారి బకెట్ కుమ్మరించకుండా కొద్దికొద్దిగా. పూత రాలేదని టెన్షన్ పడొద్దు, మన చిన్న పగళ్ళలో చాలా మొక్కలు పూయకుండానే గడ్డ పెడతాయి.

జనవరి

కింది ఆకుల మీద ఒకదాని లోపల ఒకటి వలయాల్లా గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. ఇది ముందుగా వచ్చే ఆకుమచ్చ తెగులు, టమోటాకీ వస్తుంది. మచ్చ ఆకులు తెంపి దూరంగా పారేసి, ఆకు తడవకుండా మొక్క మొదట్లోనే నీళ్ళు పోశాను. అక్కడితో ఆగింది.

ఇంతకంటే భయంకరమైనది లేట్ బ్లైట్ అనే తెగులు. 1845లో ఐర్లాండ్‌లో పొలాలకి పొలాలు కుళ్ళబెట్టింది అదే. పేదజనం తిండంతా ఒక్క ఉర్లగడ్డ మీద, అందులోనూ ఎక్కువగా లంపర్ అనే ఒకే రకం మీద ఆధారపడి ఉండటంతో ఆ కరువులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా దేశం విడిచి పోయారు. ఆ తెగులుకి చల్లదనంతో పాటు తడిగాలి, మంచు కావాలి. మన పొడిగాలి ఈ ఒక్క విషయంలో మనకి అండ.

బజారు గడ్డల మొక్కలు ఈపాటికి తేడా చూపించాయి. ఆకులు ముడుచుకుని, ఎత్తు సగానికి సగం తక్కువ.

ఫిబ్రవరి

ఆకు పసుపు తిరగ్గానే నీళ్ళు ఆపి, కాండాన్ని మట్టి దగ్గరికి కోసేశాను. అప్పట్నుంచి పది పన్నెండు రోజులు గడ్డని మట్టిలోనే వదిలేస్తే తొక్క గట్టిపడుతుంది. బొటనవేలితో రుద్దితే తొక్క లేవకపోతే తవ్వే టైమ్ వచ్చినట్టు.

విత్తన గడ్డల సంచులు ఒక్కోటి కేజీ పైచిలుకు ఇచ్చాయి. బజారు గడ్డలవి అందులో మూడో వంతు కూడా రాలేదు. విత్తనం దగ్గర డబ్బు మిగుల్చుకోవాలని చూడొద్దని ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలీదు.

వరి, గోధుమల తర్వాత లోకం ఎక్కువగా తినే పంట ఇదే. ఏడాదికి 37 కోట్ల టన్నుల దాకా పండుతుంది, చైనా మొదటిది, మన దేశం రెండోది. పెట్టిన నీటికి ఇచ్చే తిండి లెక్క చూస్తే ప్రధాన పంటల్లో దీనిదే ముందు వరస. ఏటా 550 మిల్లీమీటర్ల వానతో బతికే జిల్లాలో ఈ మాట వింటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయినా ఇక్కడి రైతుని పొలంలో వెయ్యమని నేను చెప్పను. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ సాగుతుంది. అనంతపురం అందులో సగం ఎత్తు కూడా లేదు, ఒక్క వెచ్చటి జనవరి చాలు పెట్టుబడి పోవడానికి. వేడిని తట్టుకునే కుఫ్రి సూర్య అని 2006లో ఒక రకం వచ్చింది. వచ్చే అక్టోబరుకి అది సంపాదించి జ్యోతి పక్కనే పెట్టి చూడాలి.

ఈ గడ్డల్నే విత్తనానికి దాచుకునే వీలు లేదు. కోల్డ్ స్టోరేజీ లేకుండా మన మే నెల ఎండలు దాటవు, కాబట్టి అన్నీ వంటింటికే. ఖాళీ అయిన సంచుల్లో అలసందలు వేశాను. టమోటా, వంగ, మిరప మాత్రం ఈ మట్టిలో ఈ ఏడాది వెయ్యను. అవన్నీ ఉర్లగడ్డ కుటుంబమే, దీని తెగుళ్ళే వాటికీ అంటుకుంటాయి.