ఉదయగిరి దారిలో చిన్న కారు, వెనక ఇంటిబండి

బయల్దేరే ముందురోజు సాయంత్రం నెల్లూరు శివార్లలో లారీలు తూచే కాటా మీదికి మా ఇంటిబండిని, అంటే లోపల పడుకుని వెనక వండుకునే చిన్న ట్రైలర్‌ను ఎక్కించాం. పరుపు, స్టవ్వు, నీళ్ళు, సామాను అన్నీ సర్దాక 395 కిలోలు తూగింది. మా కారు మాన్యువల్‌లో బ్రేకు లేని ట్రైలర్‌కు ఇచ్చిన హద్దు 450 కిలోలు, వెనక హుక్కు మీద పడే బరువుకు హద్దు 50. ఈ రెండు అంకెలూ తెలియకుండా చిన్న కారుకు ఏ ట్రైలరూ తగిలించకూడదు. మన దగ్గర అమ్మే చిన్న కార్లలో కొన్నిటి మాన్యువల్‌లో ట్రైలర్ లాగొద్దనే రాసి ఉంటుంది. అలా ఉంటే ఆ కారుతో ఈ పని పెట్టుకోవద్దు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్, వేరే నంబరు ప్లేటు ఉండాలి. ఆ కాగితాలు, ఇన్సూరెన్సు కారు కాగితాలతో పాటే పెట్టుకున్నాం.

మొత్తం బరువుకు లారీ కాటా సరిపోతుంది. హుక్కు మీద పడే బరువు తేల్చడానికి మాత్రం అది పనికిరాదు, అంత చిన్న బరువు దాని మీద కచ్చితంగా తేలదు. అందుకు ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను చాలు. ట్రైలర్‌ను చదునైన చోట నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, హుక్కు ఎంత ఎత్తులో ఉంటుందో అంత పొడవు కర్రముక్క కోసి మిషను మీద నిలబెట్టి, ముందుకు పొడుచుకొచ్చిన కడ్డీని దాని మీదికి దించాలి. ఎడ్లబండి మాటల్లో చెప్పాలంటే ఆ కడ్డీ బండి నొగ. మొదటిసారి 9 కిలోలే చూపింది. మొత్తం బరువులో ఐదు నుంచి పది శాతం నొగ మీద ఉండాలి. అంటే మాకు 20 నుంచి 40 కిలోలు.

తప్పు ఎక్కడుందో వెతకనక్కర్లేదు. ఇలాంటి ట్రైలర్లకు వంటిల్లు వెనక తలుపు కింద ఉంటుంది కాబట్టి నీళ్ళ క్యాన్లు అక్కడే పెట్టబుద్ధవుతుంది. 20 లీటర్ల క్యాన్లు రెండు, 40 కిలోలు. యాక్సిల్‌కు 1.1 మీటర్ల వెనక ఉన్నాయి. యాక్సిల్ నుంచి హుక్కు 2.2 మీటర్లు. అంటే ఆ 40 కిలోలు నొగను 20 కిలోల మేర పైకి ఎత్తుతున్నాయి. క్యాన్లను యాక్సిల్‌కు సరిగ్గా పైన నేల మీదికి మార్చి పట్టీతో బిగించాం. మిషను 29 చూపింది. వడ్ల బస్తాలు ఎత్తే మనిషికి ఈ లెక్క చెప్పక్కర్లేదు. బండి వెనక బరువెక్కితే కాడి పైకి లేచి ఎద్దుల మెడతాళ్ళు బిగుస్తాయి. కారుకైతే మెడ బిగుసుకోదు గానీ ట్రైలర్ తోకాడిస్తుంది. అరవై దాటాక ఆ ఊపు మొదలైతే కారు వెనక భాగాన్ని కూడా వెంట ఊపుతుంది.

నొగ బరువును మరీ పెంచినా చిక్కే. హుక్కు కారు వెనక యాక్సిల్‌కు 90 సెంటీమీటర్ల వెనక ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లు. 29 కిలోలు హుక్కు మీద పెడితే వెనక చక్రాల మీద 40 పడి, ముందు చక్రాల మీద నుంచి 11 లేచిపోతాయి. లాగేవీ తిప్పేవీ ఆ ముందు చక్రాలే. అందుకే కారు డిక్కీలో బరువులేమీ వేయలేదు. వెనక టైర్లకు డోరు దగ్గరి స్టిక్కర్‌లో నిండు లోడుకు రాసిన గాలి పెట్టించాం. హెడ్‌లైట్లు పైకి చూస్తాయి కాబట్టి వాటిని ఒక మెట్టు దించాం.

తగిలించడంలో ఒక్క పరీక్ష మాత్రం ఎప్పుడూ మానొద్దు. కారు హుక్కుకు ఉన్న 50 మిల్లీమీటర్ల గుండు మీద నొగ చివరి కప్పు దించి పిడి బిగించాక, నొగను ఎత్తి దించే చిన్న జాకీ చక్రాన్ని తిప్పి నొగను మళ్ళీ పైకి లేపాలి. కారు వెనక భాగం కూడా దాంతో పాటు లేస్తే కప్పు పట్టినట్టు. కారు కదలకుండా కప్పు ఒక్కటే లేస్తే పట్టలేదన్నమాట, పిడి పడినట్టు చప్పుడైనా సరే. ఆ తర్వాత గొలుసులు రెండూ నొగ కిందుగా అడ్డంగా దాటించి తగిలించాలి, ఎడమది కుడికి, కుడిది ఎడమకు. ఎప్పుడైనా కప్పు ఊడితే నొగ రోడ్డులో దిగబడకుండా ఆ గొలుసుల ఉయ్యాల్లో ఆగుతుంది. మలుపులో బిగుసుకోనంత వదులు, రోడ్డుకు రాసుకోనంత బిగువు ఉండాలి.

తెల్లవారుజామున ఐదున్నరకు బయల్దేరాం. మార్చి మొదటివారం. బుచ్చిరెడ్డిపాళెం, సంగం మీదుగా ఆత్మకూరు దాకా 67వ నంబరు జాతీయ రహదారి. పెన్న కాలవల కింద కోతలు మొదలయ్యాయి. రోడ్డు అంచున అక్కడక్కడా వడ్లు ఆరబోసి రాళ్ళు పేర్చారు. కారు ఒక్కటే అయితే ఆ రాళ్ళ పక్క నుంచి జారుకోవచ్చు. ట్రైలర్ చక్రం మలుపులో కారు చక్రం కన్నా లోపలికి కోసుకుంటూ వస్తుంది కాబట్టి ఎడమవైపు ఒక అడుగు ఎక్కువ వదిలి నడపాలి. రోడ్డు పక్కకు దిగాలంటే కూడా ముందే చూసుకోవాలి. కారు పొడవు 4 మీటర్లు, ట్రైలర్ 3.4. రెండూ కలిపి ఆగేంత చోటు ఉండాలి, మళ్ళీ రివర్సు అవసరం లేకుండా బయటికి రావాలి.

ఆత్మకూరులో 60 కిలోమీటర్ల లోపే ఆగాం. ఈ మొదటి ఆగుడు టిఫిను కోసం కాదు, చక్రాల నట్ల కోసం. విప్పి బిగించిన చక్రం మొదటి యాభై అరవై కిలోమీటర్లలో కుదురుకుంటుంది, నట్లు కొంచెం వదులవుతాయి. నాలుగింటిలో రెండు పావుచుట్టు తిరిగాయి. తర్వాత హబ్బుల మీద అరచేయి వెనకవైపు ఆనించి చూశాం. గోరువెచ్చగా ఉంటే మంచిదే. చేయి నిలవనంత వేడి ఉంటే బేరింగు మరీ బిగించి ఉండాలి, లేదా గ్రీజు ఎండిపోయి ఉండాలి. వేడి ఎంతన్నదానికన్నా రెండు వైపులా తేడా ఉందా అన్నది ముఖ్యం. మాకు ఎడమది కొంచెం ఎక్కువ వెచ్చగా తగిలింది. చేయి నిలిచింది కాబట్టి, ప్రతి ఆగుడులో చూసుకుందామని సాగాం.

అక్కడే లైట్ల తేడా కూడా బయటపడింది. బ్రేకు నొక్కితే ఎర్రలైటు మసకగా వెలిగి, కుడి ఇండికేటరు కూడా దాంతో పాటు సన్నగా వెలుగుతోంది. ఒకటి వేస్తే ఇంకొకటి వెలగడం అంటే నూటికి తొంభైపాళ్ళు ఎర్తు తెగిందనే. కరెంటుకు తిరిగిపోయే దారి లేక పక్క బల్బు గుండా పోతోంది. ఏడు పిన్నుల సాకెట్టులో మూడోది, తెల్లతీగ, ఎర్తు. మిగతావి గుర్తుంచుకుంటే రోడ్డు మీద పని తేలిక: ఒకటో పిన్ను పసుపు, ఎడమ ఇండికేటరు. నాలుగు పచ్చ, కుడి ఇండికేటరు. ఐదు గోధుమ, కుడి వెనక లైటు. ఆరు ఎరుపు, బ్రేకు. ఏడు నలుపు, ఎడమ వెనక లైటు. రెండోది నీలం, మేము వాడలేదు. తెల్లతీగ ఛాసిస్‌కు బిగించిన బోల్టు కింద పెయింటు గీకకుండానే బిగించి ఉంది. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ళ వాషరు వేసి బిగించి, పైన గ్రీజు పూశాం. పావుగంట పని.

ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు తిరిగాక దారి రెండు వరసలే. ఊరూరా స్పీడు బ్రేకర్లు, సగానికి తెల్లగీతలు లేవు. కారు రెండు చక్రాలు దాటాక మనసు తేలికపడి కాలు యాక్సిలరేటరు మీదికి పోతుంది. అప్పటికి మూడోది, ట్రైలర్ చక్రం, ఇంకా దాటలేదు. అది ఎక్కేటప్పుడు నొగ కిందికి, దిగేటప్పుడు పైకి ఒక్క కుదుపు ఇస్తుంది, లోపల గిన్నెలన్నీ కలిసిపోతాయి. గంటకు పది కిలోమీటర్లకు తగ్గి, మూడు దెబ్బలూ లెక్కపెట్టి, మూడోది అయ్యాకే వేగం అందుకోవాలి. జాకీ చక్రాన్ని పూర్తిగా పైకి తిప్పి క్లాంపులో ఎత్తుగా బిగించకపోతే, కారు వెనక చక్రం బ్రేకరు దిగే క్షణాన అది దానికే తగిలి వంగిపోతుంది.

బ్రేకు సంగతి అన్నిటికన్నా పెద్దది. కారు, మేమిద్దరం, మా సామాను కలిపి 1150 కిలోలు. వెనక 395, దానికి బ్రేకు లేదు. కారు నాలుగు చక్రాలే మూడోవంతు ఎక్కువ బరువును ఆపాలి, కాబట్టి బ్రేకు పడ్డాక ఆగే దూరం కూడా దాదాపు మూడోవంతు పెరుగుతుంది. ఉదయగిరి కొండ కనపడ్డాక దారి అక్కడక్కడా ఎగుడుదిగుడు. దిగేటప్పుడు, అదే దిబ్బ ఎక్కాల్సివస్తే ఏ గేరు వేస్తామో ఆ గేరులోనే దిగాం. మలుపుకు ముందే నిటారుగా ఉన్నప్పుడు వేగం తగ్గించుకోవాలి. మలుపు మధ్యలో బ్రేకు నొక్కితే ట్రైలర్ కారు వెనక భాగాన్ని పక్కకు తోస్తుంది.

ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే ఇళ్ళ దగ్గర ఆగి నాలుగు గరిటెలు తీసుకున్నాం. నున్నగా, చేతికి ఇట్టే అమరిపోయే పనితనం. ఆ వీధి నుంచి బయటికి రావడానికే రివర్సు చేయాల్సి వచ్చింది. చిన్న ట్రైలర్ రివర్సు పెద్దదానికన్నా కష్టం. యాక్సిల్ దగ్గరగా ఉంటుంది కాబట్టి క్షణంలో మడతపడుతుంది. పైగా కారుకన్నా సన్నంగా ఉండటంతో అద్దాల్లో కనపడదు, కనపడేసరికి మడతపడిపోయి ఉంటుంది. వెనక రెండు మూలలకూ ఎర్రగుడ్డ కట్టిన కర్రలు నిలబెట్టాం, వెనక అద్దంలోంచి అవే గుర్తులు. స్టీరింగును అడుగుభాగాన పట్టుకోవాలి. ట్రైలర్ తోక కుడికి పోవాలంటే చేయి కుడికి, ఎడమకు పోవాలంటే ఎడమకు. ఏ కర్ర పెద్దగా కనపడుతుంటే అటే మడతపడుతోందని అర్థం, చేయి దానికి ఎదురువైపు జరిపితే సర్దుకుంటుంది. మడత ఎక్కువైతే వెనక్కి పోరాడొద్దు, రెండు మీటర్లు ముందుకు లాగి మళ్ళీ మొదలుపెట్టాలి.

సీతారామపురం మీదుగా భైరవకోన చేరేసరికి మధ్యాహ్నం. ఒకే కొండను తొలిచిన ఎనిమిది శివాలయాలు, పైన జలపాతం. ఈ నెలలో అది సన్నటి ధారే. మిట్టగా ఉన్న చోట కారుతో ట్రైలర్‌ను వెనక్కి తోస్తే క్లచ్చు పోతుంది. రివర్సు గేరులో ఇంజను ఆగిపోకుండా నడిచే వేగం కన్నా నెమ్మదిగా పోవాలంటే క్లచ్చు సగం నొక్కి పెట్టక తప్పదు, ఆ రాపిడే దాన్ని కాలుస్తుంది. కాలిన వాసన వచ్చాక ఇరవై నిమిషాలు ఆపేయడం తప్ప మందు లేదు. మేము వాసన దాకా పోనివ్వలేదు. చక్రం వెనక రాయి పెట్టి, ట్రైలర్ విప్పి, ఇద్దరం చేత్తో తోశాం, అడుగడుక్కీ రాయి జరుపుకుంటూ. గుడివాళ్ళు చూపిన చోటే బస. చుట్టూ అడవి, కట్టెల పొయ్యి ఊసే లేదు. 5 కిలోల గ్యాసు బండను దారి పొడుగునా నిలువుగా కట్టి, మూతబిగించి తెచ్చాం. గ్యాసు గాలికన్నా బరువు, కారితే కిందికే దిగుతుంది, కాబట్టి దాన్ని పెట్టిన పెట్టెకు అడుగున కంతలు ఉండాలి. పల్లంవైపు చక్రం కింద పలక వేసి సమం చేసుకున్నాకే మూలల కాళ్ళు దించాం. ఆ కాళ్ళు ఊగకుండా ఆపడానికి, బరువెత్తడానికి కాదు.

మర్నాడు పామూరు, కందుకూరు మీదుగా తూర్పుకు. కందుకూరు చుట్టుపక్కల పొగాకు బ్యారన్లు, నల్లరేగడి. ఎండాకాలంలో ఆ నేల పైకి గట్టిగానే ఉంటుంది, కాలవ పారిన చోట మాత్రం చక్రం కూరుకుపోతుంది. తారు దిగకుండానే వచ్చాం.

ఉలవపాడు దగ్గర మామిడి తోటలు పిందెల మీద ఉన్నాయి. అక్కడ జాతీయ రహదారి ఎక్కాం. రామాయపట్నం వైపు సముద్రం చూద్దామని తిరిగాం గానీ ఇసుక మొదలయ్యే చోటే ఆగిపోయాం. ముందు చక్రాలతో నడిచే కారు, ముందు బరువు తగ్గి ఉంది, వెనక బరువు లాగుతోంది. ఇసుకలో ఇంతకన్నా చెడ్డ కూర్పు ఉండదు. ఇరుక్కుంటే ట్రైలర్ విప్పడం, టైర్ల గాలి 18కి దించడం, ట్రైలర్‌ను తర్వాత తాడుతో లాక్కోవడం, ఇదే వరస.

కావలి నుంచి నెల్లూరు దాకా రోడ్డు దక్షిణానికి, మధ్యాహ్నపు సముద్రపు గాలి ఎడమ నుంచి. దానికి తోడు బస్సులు. పెద్ద బస్సు కుడి నుంచి దాటుతూ మొదట ట్రైలర్‌ను ఎడమకు నెట్టి, పోయేటప్పుడు తన వైపు పీల్చుకుంటుంది. అద్దంలో బస్సు కనపడగానే యాక్సిలరేటరు మీద కాలు కొంచెం వదిలి స్టీరింగు నిటారుగా పట్టుకున్నాం. తోక ఊగడం మొదలైతే బ్రేకు నొక్కొద్దు, ఎదురు తిప్పొద్దు, వేగం పెంచి లాగేయాలనీ చూడొద్దు. కాలు పూర్తిగా తీసేసి నిటారుగా పట్టుకుంటే దానంతటదే తగ్గుతుంది. 70 దాటకుండా నడిపాం, ఊపు రాలేదు. లీటరుకు 20 ఇచ్చే కారు ఈ 350 కిలోమీటర్లకు 15 ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఎడమ చక్రాన్ని జాకీ మీద లేపి తిప్పితే గరగరమంది. లోపలివైపు గ్రీజు సీలు అంచు చిరిగి, గ్రీజు చక్రం లోపలికి చిమ్మి దుమ్ముతో ముద్దకట్టి ఉంది. సీలూ, రెండు బేరింగులూ మార్చి, అరచేతిలో గ్రీజు పెట్టి రోలర్ల మధ్యకు బయటికి వచ్చేదాకా నొక్కి నింపి, నట్టు పూర్తిగా బిగించి పావుచుట్టు వెనక్కి వదిలి, నట్టు తిరగకుండా ఆపే కాటరు పిన్ను కొత్తది వేశాం. టైర్లు ఆల్టోకు వేసే 145/80 ఆర్ 12 సైజు కావడంతో స్టెప్నీకి వెతుక్కోనక్కర్లేదు. సీలు మాత్రం జతగా కొని, రెండోది టూల్ పెట్టెలో పెట్టాం.