ఆబ్వియస్ అని రిజెక్ట్ చేశారు
నిన్న హైటెక్ సిటీ నుంచి అమీర్‌పేటకి మెట్రోలో నిలబడి వస్తూ మెయిల్ చూశా, మా టీమ్ వేసిన అమెరికా పేటెంట్ అప్లికేషన్‌ని ఎగ్జామినర్ రిజెక్ట్ చేశారు, కారణం ఆబ్వియస్ అట, అంటే ఆ రంగం తెలిసిన ఎవరికైనా తేలిగ్గా తట్టేదేనని. మెసేజ్‌ల్లో ఉన్న తేదీల్నీ అడ్రస్‌ల్నీ ఫోనే పట్టుకుని ఒకే స్క్రీన్ మీద పెట్టే ఇంటర్‌ఫేస్ అది. రెండు పాత పేటెంట్లు పక్కపక్కన పెట్టి ఇవి కలిపితే మీదే కదా అన్నారు. మొదటిది నిజంగానే దగ్గరగా ఉంది, ఒప్పుకుంటా. కానీ ఆ కలపడానికే మాకు ఎనిమిది నెలలు పట్టింది, అయిపోయాక చూస్తే ఏదైనా తేలిగ్గానే కనిపిస్తుంది కదా, చాలా బాధేసింది.

నిద్రపట్టక యాపిల్, శాంసంగ్ కేసు మళ్లీ చదివా. అందులో యాపిల్ పేటెంట్ ఒకటి వేలితో జరిపి లాక్ తీయడం మీద. అది నియోనోడ్ అనే కంపెనీ ఫోన్‌లో ముందే ఉంది, వేలితో పాటు కదిలే బొమ్మ మాత్రం లేదు. ఆ బొమ్మ కలపడం ఎవరికైనా తట్టేదేనా అన్నదే ఆ పేటెంట్ మీద గొడవ. 2016 ఫిబ్రవరిలో అప్పీల్ కోర్టులో ముగ్గురు జడ్జీలు ఆబ్వియస్సే అన్నారు, అక్టోబర్‌లో అదే కోర్టు ఫుల్ బెంచ్ దాన్ని తిప్పేసి, యాపిల్‌కి శాంసంగ్ 11.96 కోట్ల డాలర్లు కట్టాలన్న తీర్పు నిలబెట్టింది. ఒకే ఏడాది, అవే సాక్ష్యాలు!

2007లో కారు పెడల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన కేఎస్ఆర్ తీర్పు తర్వాత పాతవాటిని కామన్‌సెన్స్‌తో కలిపేయొచ్చు అనడం సులువైంది, అయినా కలపడానికి కారణం చెప్పాల్సిందే. మాకిచ్చిన లెటర్‌లో ఆ కారణం ఒక్క లైనే. జవాబుకి మూడు నెలలుంది, ఆ కలపడం తేలిక కాదని చూపించడానికి శనివారం మా అక్కా నేనూ కూర్చుని ఫెయిలైన పాత డిజైన్లన్నీ తేదీలతో సహా బయటికి తీస్తున్నాం.