చిన్నాయన లెన్స్‌కి కొత్త కెమెరా

కెమెరా కొనే ముందు నేను షాపులో అడిగింది ఒక్కటే, చిన్నాయన పెళ్లిళ్లకి వాడిన పాత నికాన్ 50 ఎంఎం లెన్స్ దీనికి పడుతుందా అని. పాత నికాన్ కెమెరాల్లో లెన్స్ బిగించే చోటు, అంటే ఎఫ్ మౌంట్, నుంచి ఫిల్మ్‌కి దూరం 46.5 మిల్లీమీటర్లు. నా కొత్త సోనీ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) ‘E’ మౌంట్ నుంచి సెన్సర్‌కి 18 మాత్రమే. మిగతా 28.5ని అడాప్టర్ పూడుస్తుంది. లోపల గాజు ఉండదు, ఉత్త రింగే, కాబట్టి లెన్స్ క్వాలిటీ ఎక్కడికీ పోదు. మిర్రర్‌లెస్ లెన్స్‌ని అద్దం ఉన్న పాత డీఎస్‌ఎల్‌ఆర్‌కి వేయాలంటే మాత్రం ఇలా కుదరదు, అక్కడ దూరం ముందే ఎక్కువ.

ఆటోఫోకస్ లేదు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో స్తంభాల ముందు నిలబడి చేత్తో రింగ్ తిప్పుతుంటే, స్క్రీన్ మీద ఫోకస్ కుదిరిన అంచులు ఒక్కొక్కటిగా రంగు తేలుతాయి. ఆ నిదానం నాకెంతో నచ్చింది! ఫిల్మ్ కంటే చిన్నదైన క్రాప్ సెన్సర్ మీద 50 ఎంఎం కాస్తా 75లా దగ్గరగా చూపిస్తుంది, మండపం మొత్తం పట్టదు. శిల్పాలకి మాత్రం బ్రహ్మాండం. తర్వాత పిల్లలమర్రి ఊడలు తీయాలి.