నాలుగు దేశాలు, ఒక కారు: తిరుపతిలో కూర్చుని వేసిన ప్లాన్

మా షడ్డకుడిది చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం. జూన్, జూలైల్లో తోతాపురి లారీలు ఫ్యాక్టరీ గేటు ముందు వరుస కట్టి ఉంటే ఆయన సొంత ఇంటి పెళ్ళికి కూడా గంట ఆలస్యంగా వస్తారు. నాది తిరుపతిలో కాలేజీ ఉద్యోగం. మా అమ్మాయికి బడి సెలవులు ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి. అందుకని ఆల్ప్స్ కొండల్లో కారు మీద తిరిగొద్దాం అన్న మాట పుట్టగానే అక్కాచెల్లెళ్ళిద్దరూ మే నెల అని తీర్మానం చేసేశారు.

మే కుదరదని చెప్పడం నా వంతయింది. అక్కడ ఎత్తైన కనుమ దారుల్లో చాలావాటిని చలికాలం మొత్తం మంచుకు మూసేస్తారు. ఆస్ట్రియాలో పేరున్న గ్రోస్‌గ్లోక్‌నర్ కొండ దారి మే మొదట్లో తెరుచుకుంటుంది గానీ, ఇటలీలో 2,757 మీటర్ల ఎత్తునున్న స్టెల్వియో కనుమకు మే చివరి దాకానో జూన్ దాకానో ఆగాల్సిందే. ఇంకో చివర చూస్తే, నవంబర్ 1 నుంచి ఆస్ట్రియాలో రోడ్డు మీద మంచు ఉంటే వింటర్ టైర్లు తప్పనిసరి. మామిడి సీజన్ పోగా, మంచు పోగా, సెలవులు కలిసొచ్చేది దసరాకే. దసరా అంటే బ్రహ్మోత్సవాలు. తిరుపతిలో ఇల్లు పెట్టుకుని గరుడసేవ నాటికి ఊళ్ళో లేకపోతే చుట్టాలు ఊరుకుంటారా? తాళాలు పక్కింట్లో ఇచ్చి పోతామని, వచ్చేవాళ్ళకి వంటకు మనిషిని మాట్లాడతామని చెప్పాక మా అమ్మ సరే అంది.

తర్వాత దారి. అన్న (షడ్డకుణ్ణి నేను అలాగే పిలుస్తాను) తన ఫోన్లో మ్యాప్ నిండా గుర్తులు పెట్టుకొచ్చారు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ, ఆస్ట్రియా, స్లొవేనియా, జర్మనీ.

"మళ్ళీ మళ్ళీ పోతామా తమ్ముడూ, ఒక్కసారే అన్నీ చూసేద్దాం."

"అన్నా, అలిపిరి నుంచి కొండ మీదికి ఇరవై కిలోమీటర్లు కూడా లేదు. మీరు పావుగంటలో ఎక్కేస్తారా?"

అలిపిరిలో ఇచ్చే రసీదు మీద టైమ్ వేస్తారు కదా, మరీ ముందుగా పైకి చేరితే ఫైన్. ఆ లెక్క ఆయనకి బాగా తెలుసు. గ్రోస్‌గ్లోక్‌నర్ దారి 48 కిలోమీటర్లు, 36 హెయిర్‌పిన్ మలుపులు, హోఖ్‌టోర్ అనే చోట 2,504 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మన మొదటి ఘాట్ రోడ్డు 1944లో వస్తే అది 1935లోనే తెరిచారు. రాత్రి పూట మూసేస్తారు, కాబట్టి పొద్దుపోయాక దాటేద్దాం అంటే కుదరదు. దారిలో ఆగి చూడకుండా పోయే మాటైతే అంత దూరం వెళ్ళడమెందుకు? కొండల్లో మ్యాప్ చూపించే టైమ్‌కి సగం కలుపుకోవాలని రూలు పెట్టుకున్నాం. ఆ రూలు పెట్టగానే ఫ్రాన్స్ దానంతటదే పడిపోయింది.

స్విట్జర్లాండ్‌ని తీసేయించింది వినియెట్, అంటే ముందుగానే కొనుక్కునే టోల్ పాసు. అక్కడి మోటార్‌వేల మీద కారు తిప్పాలంటే ఏడాదికి సరిపడా వినియెట్ కొనాలి, 40 ఫ్రాంకులు. ఒక్క రోజుకని విడిగా అమ్మరు. ఆ డబ్బుకేం కొంప మునగదు గానీ, ఒక్క రాత్రి కోసం అంత పక్కకి తిరగడం నాకు నచ్చలేదు. స్టెల్వియో కూడా అలాగే పోయింది. ఒక వైపే 48 మలుపులట అని అన్న చాలా రోజులు వదల్లేదు. దానికి బదులు స్లొవేనియాలో వ్ర్షిచ్ కనుమ చూపించాను. 1,611 మీటర్లే గానీ 50 మలుపులు, ప్రతి మలుపుకీ నంబరు. మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యన్ ఖైదీల చేత వేయించిన దారి అది. 1916లో మంచు చరియ విరిగిపడి వాళ్ళలో ఎంతోమంది చనిపోతే, దారి పక్కనే చెక్కతో చిన్న ప్రార్థనా మందిరం కట్టారు. రెండు మలుపులు ఎక్కువున్నాయని అన్న ఒప్పుకున్నారు. ఆయన లెక్కలు ఆయనవి.

చివరికి మ్యూనిక్‌లో కారు తీసుకుని సాల్జ్‌బర్గ్, కొండ దాటి హైలిగెన్‌బ్లుట్, స్లొవేనియాలో బ్లెడ్ సరస్సు, వ్ర్షిచ్, అక్కడి నుంచి ఇటలీ డోలమైట్స్, బోల్జానో, బ్రెన్నర్ కనుమ మీదుగా ఇన్స్‌బ్రుక్, మళ్ళీ మ్యూనిక్. ఎక్కడ తీసుకున్న కారు అక్కడే అప్పగించాలన్నది నా పట్టు. వేరే దేశంలో వదిలితే వేసే చార్జీతో మనవాళ్ళు ఇంకో ప్రయాణం చేసి రావచ్చు.

వీసా దగ్గర అసలు టెన్షన్. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే ఇచ్చే షెంగెన్ వీసాకి, ఏ దేశంలో ఎక్కువ రాత్రులు ఉంటామో ఆ దేశానికే అప్లై చెయ్యాలి. రెండు దేశాల్లో సమానంగా వస్తే మొదట అడుగుపెట్టే దేశానికి. మా మొదటి లెక్కలో ఆస్ట్రియా, ఇటలీ సమానంగా తేలాయి, దిగేదేమో జర్మనీలో. ఏ కాగితం ఎక్కడ పెట్టాలో ఎవరూ సూటిగా చెప్పలేదు. సాల్జ్‌బర్గ్‌లో ఒక రాత్రి పెంచాం, గొడవ తీరింది. ఆ ఊరి పాత పట్నం 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది, పైన కోట 1077లో మొదలుపెట్టింది. ఒక రాత్రి ఎక్కువైనా దండగేం కాదు. పెద్దవాళ్ళకి ఫీజు తలకు 90 యూరోలు. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

నా కాగితాలకు ఇబ్బంది లేదు, నెలనెలా జీతం పడుతుంది. అన్న బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తేనే భయం వేసింది. ఏడాదంతా ఓ మోస్తరుగా ఉండి, మామిడి సీజన్‌లో ఒక్కసారిగా లక్షలు వచ్చి, మళ్ళీ రైతులకి, లారీలకి వెళ్ళిపోతాయి. తెలియనివాడు చూస్తే వీసా కోసం ఎవరో అప్పిచ్చారనుకుంటాడు. ఆడిటర్ సలహాతో గడిచిన సీజన్‌ల జీఎస్టీ రిటర్నులు జత చేసి, ఈ సరుకు ఏ నెలల్లో వస్తుంది, డబ్బు ఏ నెలల్లో తిరుగుతుంది అని ఒక్క పేజీలో కవరింగ్ లెటర్ రాశాం. నన్నడిగితే ఆ ఫైల్ మొత్తంలో పనికొచ్చింది ఆ పేజీయే. వేలిముద్రలకి అందరం పుత్తూరు, నగరి మీదుగా చెన్నై బస్సెక్కాం. అక్కడ పని చకచకా అయిపోయింది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌కి పరివాహన్ సైట్లో అప్లై చేసి, 1,000 రూపాయలు కడితే ఆర్టీఓ ఆఫీసులో చిన్న పుస్తకం ఇస్తారు. ఏడాది పనిచేస్తుంది. అది ఒక్కటే ఉంటే చాలదు, అసలు లైసెన్సు కూడా చేతిలో ఉండాలి. ఇక్కడ మన తెలుగువాళ్ళందరికీ ఉండే తంటానే వచ్చింది. అన్న లైసెన్సులో ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి పేరు. కారిచ్చేవాడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాడు. అందుకని లైసెన్సులో పేరు సరిచేయించాకే పర్మిట్‌కి వెళ్ళాం.

కారు బుకింగ్‌లో అద్దె కన్నా షరతులు చదవడానికే ఎక్కువ పొద్దు పోయింది. ఏ దేశాలకి తీసుకెళ్ళొచ్చు అన్నది చిన్నక్షరాల్లో ఉంటుంది. చవగ్గా కనిపించిన ఒక కంపెనీ ఇటలీ, ఆస్ట్రియాలకి సరేనని, స్లొవేనియాకి రోజుకింత అదనం అంది. డిపాజిట్ మొత్తాన్ని నడిపేవాడి పేరున్న క్రెడిట్ కార్డు మీదే పట్టి ఉంచుతారు. డెబిట్ కార్డు చాలాచోట్ల చెల్లదు. ఆటోమేటిక్ గేర్‌కి రేటు ఎక్కువైనా దానికే పోయాం. స్టీరింగ్ ఎడమ వైపు, రోడ్డుకు కుడి వైపు నడపాలి, పైగా మలుపులు. దానికి తోడు కుడి చేత్తో గేరు మార్చే కొత్త పని ఎందుకు? ఆటోమేటిక్‌లో కూడా దిగేటప్పుడు గేరు చేత్తో తగ్గించుకునే వీలుంటుంది. బ్రేకు మీదే కాలు పెట్టుకుని కొండ దిగితే ఏమవుతుందో, ఆ కాలిన వాసన ఎలా ఉంటుందో తిరుపతివాళ్ళకి చెప్పక్కర్లేదు.

టోల్ ఒక్కో దేశంలో ఒక్కో రకం. జర్మనీలో కార్లకి లేదు. ఆస్ట్రియా, స్లొవేనియాల్లో మోటార్‌వేలకి వినియెట్, కొన్ని రోజులకి కూడా దొరుకుతుంది. బ్రెన్నర్ మోటార్‌వేకి, గ్రోస్‌గ్లోక్‌నర్‌కి విడిగా కట్టాలి. గ్రోస్‌గ్లోక్‌నర్ ఒక్కదానికే 40 యూరోలు దాటింది. ఇటలీలో టికెట్ తీసుకుని ఎంత దూరం పోతే అంత. వీటన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఇటలీ పాత పట్నాల్లో జెడ్‌టీఎల్ అనే, బండ్లకి ఆంక్షలున్న ప్రాంతాల దగ్గర. పర్మిషన్ లేని బండ్లు లోపలికి పోకూడదు, కెమెరా నంబరు పట్టేస్తుంది. ఫైన్ కొన్ని నెలలకి ఇంటికి వస్తుంది, కారు కంపెనీ సర్వీస్ చార్జీ అదనం. బోల్జానోలో హోటల్‌కి మెయిల్ పెట్టి, గీత బయట పార్కింగ్ ఎక్కడుందో మ్యాప్ మీద గుర్తు పెట్టించుకున్నాకే రూమ్ ఖాయం చేశాం. అక్కడి మ్యూజియంలో, 1991లో మంచులో దొరికిన ఐదు వేల ఏళ్ళ నాటి మనిషి ఓట్జీ ఉన్నాడు. మా అమ్మాయి ఈ ప్రయాణానికి ఒప్పుకున్నదే ఆయన కోసం.

చివరి తగాదా సామాన్లది. ఐదుగురం, పెద్ద సూట్‌కేసులు నాలుగు. హాల్లో టేపు పట్టి కొలిచి, ఆ కారు డిక్కీ కొలతలతో సరిచూసి రెండు తగ్గించాం. నెయ్యి డబ్బా కూడా తీయించాను, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. ఆవకాయకి ఆ బాధ లేదు. రైస్ కుక్కర్ మాత్రం మా వదిన ఎవరెంత చెప్పినా దించలేదు, మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్ దాకా అది మా అమ్మాయి కాళ్ళ దగ్గరే ప్రయాణం చేసింది.