అమ్మ మోకాళ్ళు, చిన్నోడి పులి, బన్నేరుఘట్ట సఫారీ

సంక్రాంతికి మేం ఊరు వెళ్ళలేకపోయాం, అందుకని పండగ అయ్యాక మా అమ్మా నాయనే ప్రొద్దుటూరు నుంచి బెంగళూరు వచ్చారు. ఇది 2024 జనవరి సంగతి. వచ్చిన మూడో రోజుకే నాయనకి విసుగు మొదలైంది. మారతహళ్ళిలో పదో అంతస్తు బాల్కనీలో కూర్చుని ఎంతసేపని కార్లు లెక్కపెడతాడు పాపం. సరే, ఒక రోజు అందరం ఎక్కడికైనా పోదాం అంటే మా నాలుగేళ్ళవాడు "పులి" అన్నాడు. మైసూరు పోదామా అంటే పులి, నంది కొండ అంటే పులి. ఇంక బెంగళూరు శివార్లలో జూ, సఫారీ ఉన్న బన్నేరుఘట్ట పార్కే ఖాయమైపోయింది.

ఆఫీసులో ప్రాజెక్టు ప్లాన్లు వేసి జీతం తీసుకునేదాన్ని, ఒక రోజు షికారు ప్లాన్ చేయడం ఎంత పనిలే అనుకున్నా. మూడు రాత్రులు పట్టింది.

మొదట వేసిన ప్లాన్ అంతా పిల్లల చుట్టూనే తిరిగింది. పొద్దున జూ మొత్తం నడవడం, తర్వాత సీతాకోకచిలుకల పార్కు, మధ్యాహ్నం సఫారీ, సాయంత్రం వస్తూ వస్తూ ఎక్కడో ఐస్‌క్రీమ్. మా ఆయనకి చూపిస్తే అంతా చదివి, "మీ అమ్మ ఇందులో ఎక్కడ కూర్చుంటుంది?" అన్నాడు. నిజమే కదా. అమ్మకి అరగంట నడిస్తే మోకాళ్ళు పట్టేస్తాయి. పైగా అద్దాలు మూసిన ఏసీ బస్సు ఎక్కిందంటే వాంతులు. నాయనకి షుగర్, ఒంటిగంటకి అన్నం పడకపోతే చేతులు వణుకుతాయి, గంటకోసారి బాత్రూమ్ కావాలి. మా పాపకి తొమ్మిదేళ్ళు, అది ఎంతైనా నడుస్తుంది. చిన్నోడు నడవనంటే ఎత్తుకోవచ్చు. అమ్మని ఎత్తుకోలేం. అందుకే ఆ కాగితం చింపేసి అమ్మ మోకాళ్ళ దగ్గర్నుంచి లెక్క మొదలుపెట్టా: ముందు సఫారీ, అదైతే కూర్చునే చూడొచ్చు, ఆ తర్వాత భోజనం, ఆ తర్వాత ఓపికుంటే జూ.

ఇక రోజు. పాప స్కూల్లో సోమవారం వార్షికోత్సవం, మంగళవారం సెలవిచ్చారు. మామూలు రోజు కాబట్టి జనం ఉండరు, పిల్లలకి స్కూలు లేదు, ఇంతకంటే మంచి ముహూర్తం దొరకదు అని మా ఆయన చేత సెలవు కూడా పెట్టించేశా. రాత్రి పదకొండింటికి ఆన్‌లైన్‌లో టికెట్లు తీద్దామని కూర్చుంటే ఆ తేదీ మీద ఎన్నిసార్లు నొక్కినా కదలదు. నెట్ బాగాలేదేమో అని ఫోన్ మార్చా, లాప్‌టాప్ తెరిచా. అరగంట కుస్తీ పట్టాక వెలిగింది, బన్నేరుఘట్ట పార్కుకి మంగళవారం వారపు సెలవు. మన హైదరాబాద్ జూకి సోమవారం సెలవని చిన్నప్పటి నుంచీ తెలుసు కాబట్టి, సోమవారం కాకపోతే చాలు అన్న ధీమాలో ఉన్నా. చివరికి బుధవారానికి మార్చాం, పాప ఒక రోజు బడి మానింది. జ్వరం అని రాసి పంపేద్దాం అన్నాడు మా ఆయన. వద్దని, అవ్వాతాతలతో పులిని చూడ్డానికి వెళ్తోంది అని ఉన్నదున్నట్టే రాశా. టీచర్ ఏమీ అనలేదు, మర్నాడు పులి బొమ్మ వేసి తెమ్మంది.

సఫారీ బండి ఎంచుకోవడం ఇంకో పంచాయితీ. అప్పట్లో ఏసీ బస్సు ఉంది, మామూలు బస్సు ఉంది, జీపు ఉంది. ఏసీ బస్సుకి పెద్ద పెద్ద అద్దాలు, ఫోటోలు బాగా వస్తాయి. మామూలు బస్సుకి కిటికీలకి ఇనుప జాలీ, గాలి తగులుతుంది గానీ ఏ ఫోటో తీసినా పులే జైల్లో ఉన్నట్టు ఉంటుంది, నిజానికి జైల్లో ఉండేది మనం. జీపుకి ఖర్చెక్కువ, పైగా మెట్టు ఎత్తుగా ఉంటుంది కాబట్టి అమ్మ వల్ల కాదు. ఫోటోలా, అమ్మ కడుపా అని ఆలోచించి మామూలు బస్సుకే టికెట్లు తీశా. పెద్దవాళ్ళకి టికెట్టు తగ్గుతుంది, వయసు చూపించే కార్డు కావాలి కాబట్టి ఇద్దరి ఆధార్ కార్డులూ రాత్రే నా బ్యాగులో వేసుకున్నా. ఈ ఒక్క విషయంలో మాత్రం నన్ను నేనే మెచ్చుకున్నా.

ఆరుగురం మా కార్లో పట్టం కాబట్టి ముందురోజే ఒక పెద్ద బండి మాట్లాడుకున్నాం. పొద్దున ఆరున్నరకి ఆ డ్రైవర్ ఫోన్ ఎత్తలేదు. ఏడింటికి ఇంకో బండి దొరికింది, డబ్బులు ఎక్కువే అడిగాడు, ఇచ్చాం, ఏం చేస్తాం. వెళ్ళే దారి మాత్రం ఒక మాట చెప్పాలి. ఊళ్ళోంచి బన్నేరుఘట్ట రోడ్డు మీదుగా పోతే అప్పట్లో మెట్రో పనులతో ప్రాణం పోయేది. మేం సిల్క్ బోర్డు దాటి ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కి, అక్కడ్నుంచి నైస్ రోడ్డు పట్టుకుని బన్నేరుఘట్ట రోడ్డు దగ్గర దిగాం. టోల్ పోయినా ఆ సమయానికి హాయిగా ఉంది. ఇద్దరే వెళ్ళేటట్లయితే బండి కూడా అక్కర్లేదు, ఊళ్ళో పెద్ద బస్టాండు మెజెస్టిక్ నుంచి 365 నంబరు బస్సు నేరుగా పార్కుకే వెళ్తుంది.

తొమ్మిదింబావుకల్లా గేటు దగ్గరున్నాం. లోపలికి ప్లాస్టిక్ కవర్లు తీసుకుపోనివ్వరని తెలిసి చిత్రాన్నం, పెరుగన్నం, ఉర్లగడ్డ వేపుడు అన్నీ స్టీలు క్యారియర్లలోనే సర్దా. అమ్మ మాత్రం నాకు చెప్పకుండా ఒక కవర్లో డజను అరటిపళ్ళు పట్టుకొచ్చింది. దాన్ని ఏం చేయాలా అని మేం మాట్లాడుకునేలోపే పార్కింగు దగ్గర ఒక కోతి వచ్చి ఆ సమస్య తీర్చేసింది. చిన్నోడికి ఆ రోజు మొత్తంలో అదే పెద్ద సంబరం, ఇప్పటికీ బన్నేరుఘట్ట అంటే వాడికి కోతీ అరటిపండే.

బస్సు ఎక్కేముందు అందరినీ బాత్రూముకి పంపా, అవసరం లేదన్నవాళ్ళని కూడా. ఎక్కాక గంట, గంటంబావు ఎక్కడా దిగేది ఉండదు. ముందు సీట్లో అమ్మా నాయనా, వెనక మేం. మొదట జింకలు, దుప్పులు, కణుజులు, అడవిదున్నలు ఉండే భాగం, ఆ తర్వాత ఎలుగుబంట్లు, సింహాలు, పులులు. ఒక్కో ఆవరణకీ రెండేసి గేట్లు. బస్సు మొదటి గేటు దాటాక అది మూసేదాకా రెండోది తెరవరు. నాయన రిటైరైన లైన్‌మన్, అడవిదున్నల కంటే ఆ గేట్లనే ఎక్కువసేపు చూశాడు. డ్రైవరే కన్నడంలో చెప్తూ ఉంటాడు, కరడి అంటే ఎలుగుబంటి, హులి అంటే పులి. మా చిన్నోడు "హులి కాదు అంకుల్, పులి" అని సరిదిద్దాడు. మనకి 'ప' ఉన్నచోట కన్నడం వాళ్ళకి చాలాసార్లు 'హ' వస్తుంది, పాలుకి హాలు, పల్లుకి హల్లు, పులికి హులి, అని మా ఆయన పాపకి చెప్తుంటే నాకూ అప్పుడే తెలిసింది.

ఎలుగుబంట్ల దగ్గర బస్సు బాగా నెమ్మదించింది. రోడ్డు పక్కనే నాలుగైదు ఉన్నాయి, ఒకటి చెద పుట్ట దగ్గర మట్టి తవ్వుకుంటోంది, ఇంకోటి బండ మీద వెల్లకిలా పడుకుని కాలు గోక్కుంటోంది. పిల్లలు నవ్వుతున్నారు. అమ్మ నవ్వట్లేదు. వెనక్కి నా వైపు తిరిగి, "పాపా, నీకు గుర్తుందా, నిన్ను ఎలుగ్గొడ్డు మీద ఎక్కించినాము" అంది.

గుర్తుంది, లీలగా. నాకు ఐదేళ్ళప్పుడు ఏదో చూసి దడుచుకుని రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేదాన్నట. మా వీధికి ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు వచ్చేవాళ్ళు. దాని మీద పిల్లల్ని ఎక్కిస్తే దడుపు పోతుందని అందరూ ఎక్కించేవాళ్ళు. చేటెడు బియ్యం, రూపాయి బిళ్ళ ఇస్తే దాని వెంట్రుకలు తాయెత్తులో పెట్టి ఇచ్చేవాళ్ళు. ఆ తాయెత్తు నల్లదారంతో నా మెడలో చాలా కాలమే ఉంది. నాకు గుర్తున్నదల్లా గరుకుగా గుచ్చుకునే బొచ్చు, దాని ముక్కు నుంచి ఆడించేవాడి చేతి దాకా ఉన్న తాడు. ఆ తాడు వేయడానికి కూనగా ఉన్నప్పుడే కాల్చిన ఇనుప కడ్డీతో మూతి మీద చిల్లు పెట్టేవాళ్ళని పెద్దయ్యాక చదివా. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అదంతా నేరమే, అయినా మా వీధికి రావడం ఆగలేదు. తర్వాత స్వచ్ఛంద సంస్థలు ఆ ఆడించేవాళ్ళకి వేరే జీవనోపాధి చూపించి ఒక్కో ఎలుగుబంటినీ విడిపించుకుంటూ వచ్చాయి. దేశంలో అలా ఆడిన చివరిది 2009 డిసెంబరులో ఈ బన్నేరుఘట్టలో ఉన్న రక్షణ కేంద్రానికే వచ్చింది, దాని పేరు రాజు. ఇదంతా నేను అమ్మకి బస్సు చప్పుడులో అరిచి అరిచి చెప్పా. అమ్మ జాలీకి దగ్గరగా జరిగి, ఆ పుట్ట తవ్వుకునేదాన్ని చూస్తూ, "మూతికి తాడు లేకుంటే ఎంత ముద్దుగుంది" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏం మాట్లాడలేదు. వాంతి వస్తోందేమో అని నేను నిమ్మకాయ తీశా, వద్దంది.

సింహాల దగ్గర నాయన వంతు. జనవరి చలికి ఐదారు సింహాలు రోడ్డు పక్కన ఎండలో పడుకుని ఉన్నాయి, బస్సు వచ్చినా తల ఎత్తలేదు. "ఇవి ఈ అడవిలోవేనా?" అన్నాడు. కాదు, మన దేశంలో అడవి సింహాలు ఉన్నది గుజరాత్‌లోనే, గిర్ అడవి, దాని చుట్టుపక్కల. సర్కస్‌లో పులి, సింహం, ఎలుగుబంటి, కోతి, చిరుతలని ఆడించకూడదని 1998లో కేంద్రం నిషేధం పెట్టింది, 2001లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. అప్పుడు సర్కసుల నుంచి తీసుకున్న సింహాలనీ పులులనీ ఉంచడానికి కట్టిన కేంద్రాల్లో బన్నేరుఘట్ట ఒకటి, మన తిరుపతి జూ, విశాఖ జూ కూడా ఉన్నాయి. నాయన ప్రొద్దుటూరికి సర్కస్ వచ్చినప్పుడల్లా మొదటి వరుస టికెట్టు కొనేవాడట. సింహం మంట గుండంలోంచి దూకడం నాకు చెప్పాడు, చేతులు తిప్పుతూ, చిన్నపిల్లాడిలా. చెప్పి, మళ్ళీ బయటికి చూసి, "పడుకోనీలే" అన్నాడు.

ఇక దేనికోసం వచ్చామో ఆ పులి. నీళ్ళ తొట్టి పక్కన ఒకటి, చెట్ల వెనక చారలు మాత్రం కనిపిస్తూ ఇంకోటి. బస్సు ఆగింది, అందరూ ఒకవైపుకి ఎగబడ్డారు, చిన్నోడిని భుజాల మీదికి ఎత్తుకుని చూపించబోతే వాడు నిద్రపోయి ఉన్నాడు. పొద్దున ఐదున్నరకి లేపినందుకు. ఎంత కదిపినా లేవలేదు. పులిని మిగతా ఐదుగురం చూశాం.

దిగేసరికి పదకొండున్నర. అమ్మ మోకాళ్ళు బాగానే ఉన్నాయి, నాయన అన్నం అడిగేలోపే చెట్టు కింద దుప్పటి పరిచి క్యారియర్ విప్పేశా. లేచాక చిన్నోడి ఏడుపు మాత్రం వర్ణించలేను. వాడి కోసమే మధ్యాహ్నం జూలోకి వెళ్ళాం. అక్కడ తిప్పడానికి బ్యాటరీ బండి ఉంది, అమ్మా నాయనలని అందులో ఎక్కించేశాం. జిరాఫీ, నీటిగుర్రం, ఏనుగులు, చివరికి జాలీ వెనక ఒక పులి. వాడి పులి వాడికి దొరికింది. సీతాకోకచిలుకల పార్కు దగ్గరికి పాపా మా ఆయనా మాత్రం వెళ్ళొచ్చారు. 2006లో కట్టారు, దేశంలో అలాంటిది అదే మొదటిదట. ఎండ ఉన్నప్పుడే సీతాకోకలు బాగా ఎగురుతాయి కాబట్టి మూడింటికల్లా వెళ్ళడం మంచిదైంది. నేను అమ్మ పక్కన బెంచీ మీద కూర్చుని బటాణీలు తిన్నా. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు బాగా నచ్చిన గంట అదే.

ఇంటికొచ్చాక అమ్మ ఊళ్ళో పిన్నికి ఫోన్ చేసి గంటసేపు చెప్పింది, అందులో పులి ఒక్కసారే వచ్చింది.

మా అత్తమామలు వచ్చే నెల వస్తున్నారు. 2024 జూన్‌లో అక్కడ చిరుతపులుల సఫారీ కూడా మొదలైంది, ఆ సంగతి పేపర్లో చదివినప్పటి నుంచి మామయ్యకి అదే కావాలి. చిరుత బండి మీదికి ఎగబాకగలదు, అందుకని ఈసారి అద్దాలు మూసిన ఏసీ బస్సే అని ముందే చెప్పేశా. మామయ్యకి ఏసీ పడదు, జలుబు చేస్తుంది. స్వెట్టర్ తెచ్చుకోమన్నా. మంగళవారం కాకుండా రోజు చూడాలి.