అమ్మకు మందు పెట్టిన రాకుమారి

పిక్సర్ వాళ్ల యానిమేషన్ సినిమా 'బ్రేవ్' 2012లో వచ్చింది. అప్పట్నుంచీ అందులోని రాకుమారి మెరిడా పేరెత్తితే చాలు, జనం రెండు జట్లు. పొగరుబోతు, తన ఇష్టం తప్ప రాజ్యం పట్టని పిల్ల అని ఒక జట్టు. పాపం, దాని మనసు ఇంట్లో ఎవరికీ ఎక్కలేదని ఇంకో జట్టు. గొడవంతా విలువిద్య పోటీ చుట్టూనే తిరుగుతుంది. మెరిడా మీద కేసు పెట్టాలంటే అది బలహీనమైన సాక్ష్యం. బలమైనది కాసేపయ్యాక వంటింట్లో దొరుకుతుంది.

ముందు పోటీ సంగతి. కథ జరిగేది మధ్యయుగాల స్కాట్లాండ్ కొండల్లో. ఒకప్పుడు కొట్టుకుచచ్చిన నాలుగు తెగలు, బయటి శత్రువు వచ్చేసరికి కలిసి పోరాడి, మెరిడా తండ్రి ఫెర్గస్‌ని రాజుగా ఒప్పుకున్నాయి. మకింటాష్, మక్‌గఫిన్, డింగ్‌వాల్ తెగల కుర్రాళ్లలో ఒకడికి రాజు కూతుర్నివ్వడం ఆ పొత్తు తెగకుండా వేసే ముడి. పోటీ ఏదో రాకుమారి ఎంచుకోవచ్చు. పోటీలో దిగేది మాత్రం తెగ పెద్దల తొలి సంతానమే అయ్యుండాలి. సభలో ఈ నియమం చదివింది తల్లి ఎలినారే. తొలి సంతానం అంది గానీ కొడుకు అనలేదు. మెరిడా చెవులు నిక్కబొడుచుకున్నది ఆ మాట దగ్గరే. వెంటనే విలువిద్య అని అరిచేసింది.

మక్‌గఫిన్ కుర్రాడి బాణం లక్ష్యం అంచున తగిలింది. మకింటాష్‌ది మధ్యకు దగ్గరగా పడింది. డింగ్‌వాల్ బక్కపిల్లాడిది పొరపాటున సరిగ్గా నడిమధ్యన దిగింది. అప్పుడు మెరిడా తన తెగ జెండా పాతి, తన చెయ్యి తనకే దక్కాలని పందెంలోకి దిగుతుంది. మత్స్యయంత్రం కొట్టడానికి ద్రౌపదే విల్లు పట్టుకుని వచ్చిందనుకోండి, అలా ఉంటుంది సభ. బిగుతు గౌనులో చెయ్యి లేవదు, కాబట్టి భుజం దగ్గర, వీపు దగ్గర కుట్లు పటపటా తెంపేసుకుంటుంది. మూడు లక్ష్యాలు, మూడు బాణాలు. చివరిది డింగ్‌వాల్ బాణాన్ని నిలువునా చీల్చేస్తుంది. (2013లో ఈ అమ్మాయినే డిస్నీ తన రాకుమారుల జట్టులో చేర్చుకుంటూ గీయించిన కొత్త బొమ్మలో నడుము సన్నబడింది, విల్లు మాయమైంది. పాత్రను సృష్టించిన దర్శకురాలు బ్రెండా చాప్‌మన్ బాహాటంగానే మండిపడింది. గౌను కుట్లు తెంపే ఈ దృశ్యం చూసినవాళ్లెవరికైనా ఆమె కోపం అర్థమవుతుంది.)

ఇందులో నియమం తప్పింది లేదు. తప్పు ముందుచూపు లేకపోవడంలో ఉంది. మూడు తెగల పరువు నడివీధిలో తీశాక వాళ్లేం చేస్తారన్న ఆలోచన మెరిడాకి ఒక్క క్షణం కూడా రాలేదు. సాయంత్రానికి కోటలో కుమ్ములాట మొదలు. సర్దిచెప్పాల్సింది మళ్లీ అమ్మే.

అర్థం చేసుకోలేదన్న వాదానికి ఆధారం పోటీకి ముందే ఉంది. గుర్రపుశాలలో మెరిడా తన గుర్రం ఆంగస్‌తో మొర పెట్టుకుంటూ ఉంటుంది. అదే సమయానికి కోటలో ఎలినార్, మెరిడా వేషం కడుతున్న ఫెర్గస్ ముందు కూతురికి చెప్పాల్సినవి చెప్పుకుంటూ ఉంటుంది. రెంటినీ మార్చి మార్చి చూపిస్తారు. ఒకరి ప్రశ్నకు ఇంకొకరు జవాబిస్తున్నట్టే ఉంటుంది, కానీ ఇద్దరూ ఒక గదిలో లేరు. పోటీ తర్వాతి గొడవలోనూ ఇంతే. మెరిడా కత్తితో అమ్మ కుట్టిన బొమ్మల తెరను చీరేస్తుంది, సరిగ్గా తల్లీకూతుళ్ల బొమ్మల మధ్యన. ఎలినార్ ఆ కోపంలో విల్లు లాక్కుని పొయ్యిలో పడేస్తుంది. మరుక్షణమే గుండె గుభేలుమని, దాన్ని మంటల్లోంచి లాగి ఏడుస్తూ కూలబడుతుంది. అప్పటికి మెరిడా గుమ్మం దాటేసింది. విల్లు కాలడం చూసింది, బయటికి తీయడం చూడలేదు.

ఇక కేకు. అడవిలో మంత్రగత్తె కొయ్యబొమ్మలు చెక్కుతుంటుంది. మెరిడా మెడలోని పతకం ఇచ్చి ఆ బొమ్మలన్నీ కొనేసి, కొసరుగా ఒక మంత్రం అడుగుతుంది: మా అమ్మ మారాలి, దాంతో నా రాత మారాలి. ఎలా మారాలో చెప్పదు, ఏమవుతుందో అడగదు. పదిమంది బలం కోరి వచ్చిన ఓ రాకుమారుడి సంగతి మంత్రగత్తె చెబితే, కోరింది దక్కిందా అని అడుగుతుంది గానీ, ఆ తర్వాత వాడేమయ్యాడని అడగాలన్న ధ్యాసే లేదు. మంత్రం కేకు రూపంలో చేతికొస్తుంది. మన ఊళ్లలో దీన్ని మందు పెట్టడం అంటారు. కలహం సర్దుకుందేమో అన్నట్టు పళ్లెంలో కేకు పెట్టి తీసుకెళ్తుంది. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని వికారంతో తూలిపోతుంటే, మెరిడా ఆత్రమంతా పెళ్లి విషయంలో మనసు మారిందా లేదా అనే. ఎలినార్ ఎలుగుబంటి అయ్యాక కూడా, నా తప్పేం లేదు, నేను ఎలుగుబంటి అనలేదు, అంతా ఆ ముసలిదే చేసిందని గింజుకుంటుంది. ఎదుటి మనిషి ఒప్పుకోకపోతే మనిషినే మార్చేయాలనుకోవడం కంటే స్వార్థం ఇంకేముంటుంది?

ఆ మాట మెరిడా నోటే వస్తుంది. తెగలు కత్తులు దూసుకుంటున్న సభలో నిలబడి, స్వార్థంగా ప్రవర్తించాను, పొత్తులో చీలిక తెచ్చింది నేనే, ఇంకెవర్నీ అననక్కర్లేదని ఒప్పుకుంటుంది. పెళ్లికి సరేనని చెప్పబోతోంది కూడా. వెనకాల ఎలుగుబంటి రూపంలో ఉన్న అమ్మ సైగలు చేసి ఆపుతుంది. కుర్రాళ్లూ అమ్మాయీ ఎవరిని కావాలంటే వాళ్లను ఎంచుకోవచ్చన్న మాట మెరిడా పలికినా, పలికించింది ఎలినార్.

రాజ్యానికి క్షమాపణ అయిపోయింది, అమ్మకు ఇంకా బాకీ. రెండో సూర్యోదయంలోపు శాపం విడవకపోతే ఎలుగుబంటి ఎలుగుబంటిగానే మిగులుతుంది. పొగరుతో తెగిన బంధాన్ని అతకమన్న మంత్రగత్తె మాటను మెరిడా ఉన్నదున్నట్టు పట్టుకుని, పరుగెత్తే గుర్రం మీదే సూదీ దారంతో తెర కుట్టేస్తుంది. నిలువురాళ్ల మధ్య తెచ్చి అమ్మ భుజాల మీద కప్పుతుంది. ఏమీ జరగదు. వెలుగు పాకుతూ వస్తుంటే, ఆ బొచ్చు మెడను కావలించుకుని ఏడుస్తూ, ఇదంతా నా వల్లే, నీకు ఇలా చేసింది నేనే అంటుంది. ఈసారి ముసలిదాని ప్రస్తావన లేదు, పెళ్లి ప్రస్తావనా లేదు.